కాలువ నీటిని ప్రయోగశాలకు రానిండు
ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులవారికి బహిరంగలేఖ



రాష్ట్ర విభజనానంతరము మీ మండలి ప్రధాన కార్యాలయము హైదరాబాదును విడిచి విజయవాడకు తరలివచ్చినపుడు, నదుల మేలుకీళ్లను విచారింపవలసినవారు నదీతీరముననే కొలువుండుట ఉచితమని సంతసించినవారిలో నేనొకడను. మీ కార్యాలయమునకు అనతిదూరముననే ఏలూరు కాలువయు, బందరు కాలువయు, రైవస్ కాలువయు ఈ నగరమును చీల్చుకొని సాగిపోవుచున్నవి. 1852లో మొదలై 1855లో ముగిసిన ఆనకట్ట నాటినుండియు, దానికి మారుగా 1957లో వెలసిన ప్రకాశం బారేజీ నాటినుండియు ఈ కాలువలే కృష్ణా డెల్టాకు అన్నము పెట్టుచున్నవి. అన్నము మాత్రమే కాదు, చివరి భూములలోని పల్లెల మంచినీటి చెరువులను నింపి దాహమును సైతము తీర్చుచున్నవి. నగరవాసి కాలువగట్టున నిలిచి విడిచిన మురుగు బందరు ప్రాంతపు ఇల్లాలి బిందెలోనికి చేరు మార్గమొకటి ఉన్నదను సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు.

నేను ఈ డెల్టాలో పుట్టి, ఇచ్చటి కళాశాలలోనే రసాయన శాస్త్రమును బోధించుచు, నీటిలోని కాలుష్యములను విచ్ఛిన్నము చేయు నానో పదార్థములను గూర్చి పరిశోధించుచు ఉద్యోగజీవితమును గడపినవాడను. కాలువలు మురికియైనవని మొరపెట్టుకొనుటకై ఈ లేఖ వ్రాయుటలేదు. ఆ మొర పత్రికలలో ఏటేట వినిపించుచునే ఉన్నది. నేను విన్నవింపనెంచినది వేరొకటి. కాలుష్యమును రూపుమాపు పదార్థములను కనుగొనుటకే తమ యౌవనమును, నడివయస్సును ధారవోయుచున్న పరిశోధకులు మన విశ్వవిద్యాలయములలో పెక్కుమంది ఉన్నారు. కాని వారు సిద్ధపరచిన పదార్థములకును, కాలువలో పారు నీటికిని ముఖపరిచయమైనను కలుగకుండగనే వారి వృత్తిజీవితములు ముగిసిపోవుచున్నవి. ఈ యెడబాటును తొలగింపగల అధికారము, ఇంకను స్పష్టముగా చెప్పవలెనన్న తొలగింపవలసిన ధర్మము, చట్టరీత్యా మీ మండలికి కలదు.

మీరు శాస్త్రజ్ఞులైయుండవచ్చును, పాలనాధికారులైయుండవచ్చును. ఏమైనను ఈ లేఖ బహిరంగమైనది గావున, చదువు పౌరుల కొరకు ఈ విద్య యొక్క స్వరూపమును కొంచెము విపులముగా చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాను. 1972లో జపాను దేశీయులైన ఫుజిషిమా, హోండా అను శాస్త్రజ్ఞులు, తెల్లరంగులలో వాడు టైటానియం డయాక్సైడును విద్యుద్ధ్రువముగా నీటిలో నిలిపి దానిపై కాంతిని ప్రసరింపజేయగా నీరు హైడ్రోజను, ఆక్సిజనులుగా విడివడినదని లోకమునకు వెల్లడించిరి. అయిదేండ్ల తరువాత, 1977లో, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఫ్రాంక్, బార్డ్ అనువారు ఆ పదార్థపు పొడియే కాంతి సమక్షమున నీటిలోని సయనైడును హరించునని చూపిరి. విషమును తొలగించుటకు సూర్యకిరణమును, చవుకైన తెల్లపొడియును చాలునేమోయను ఆశ రసాయనశాస్త్రమున మొలకెత్తినది ఆ దినములలోనే.

ఆ పొడి రేణువుపై తగిన శక్తిగల కిరణము సోకినపుడు దానిలోని ఎలక్ట్రాను ఒకటి తన నెలవును విడిచి పైశ్రేణికి ఎగబ్రాకును. అది విడిచిన ఖాళీ నీటి అణువును తాకి హైడ్రాక్సిల్ రాడికల్ అను మహోగ్రమైన కణమును పుట్టించును. పైకి పోయిన ఎలక్ట్రాను నీటిలో కరగియున్న ఆక్సిజనును పట్టుకొని మరియొక తీక్ష్ణకణమును కల్పించును. హైడ్రాక్సిల్ రాడికల్ యొక్క ఆయుర్దాయము క్షణములో అత్యల్పాంశము మాత్రమే. ఐనను ఆ స్వల్పకాలముననే అది తనకెదురైన కర్బన సమ్మేళనము నుండి హైడ్రోజను పరమాణువును లాగివైచి దానిని శిథిలము చేయును. ఆ శైథిల్యము తుదిముట్ట సాగినచో మిగులునవి కార్బన్ డయాక్సైడు, నీరు, కొన్ని లవణములు మాత్రమే. ఈ వ్యాపారమంతయు రేణువు పైతలముననే జరుగును గావున రేణువెంత సూక్ష్మమైన అంత మేలు. పరిశోధకులందరు ప్రమాణముగా గ్రహించు పీ-25 అను టైటానియం పొడి ఒక్క గ్రాములో ఇంచుమించు 50 చదరపు మీటర్ల పైతలము కలదు. రైతు కొలతలో చెప్పవలెనన్న సెంటు నేలకంటె ఎక్కువ. మీటరులో నూరుకోట్లవ వంతుకు నానోమీటరని పేరు. పీ-25 రేణువులు కొలదిపదుల నానోమీటర్లవి కాబట్టియే చిటికెడు పొడిలో అంతటి విశాలరంగము ఇమిడినది.

ఐతే ఆ తెల్లపొడికి జన్మతః వచ్చిన లోపమొకటి ఉన్నది. సూర్యకాంతిలో నూటికి నాలుగైదు పాళ్లకు మించని అతినీలలోహిత కిరణములను మాత్రమే అది గ్రహింపగలదు. రోహిణికార్తెలో బెజవాడ మిట్టమధ్యాహ్నపు టెండలో సైతము తక్కిన వెలుగంతయు దానికి వ్యర్థమే. నా తరము పరిశోధకుల జీవితము ఈ యొక్క లోపమును సరిదిద్దు యత్నముననే అధికభాగము గడచినదని చెప్పినను అతిశయోక్తి కాదు. 2001లో జపానువారు ఆ పొడిలో నత్రజనిని చొప్పించి కంటికి కనబడు కాంతిలో పనిచేయించిరి. 2009లో కార్బన్ నైట్రైడు అను లేతపసుపుపచ్చని పొడి, లోహము లేకయే దృశ్యకాంతిని గ్రహించి నీటి నుండి హైడ్రోజనును వెలువరించునని తెలిసినది. ఆ పొడినే కాలుష్యములపైకిని త్రిప్పుటకు ఎంతో కాలము పట్టలేదు. డెల్టాలో రైతు వరిచేనిపై చల్లు యూరియానే మూతపెట్టిన మూసలో 550 డిగ్రీల వరకు కాల్చినచో ఆ పదార్థము సిద్ధమగును. ఖరీదైన లోహములు అవసరము లేకుండ, మారుమూల కళాశాలలోని మఫిల్ ఫర్నేసుతోనే ప్రపంచస్థాయి పరిశోధనలో పాలుపంచుకొనగలమని నా విద్యార్థులు పొందిన ఉత్సాహమును నేను కన్నులార చూచినాను.

ఇచ్చట మండలివారికి ఒక అపోహ కలుగకుండ చెప్పవలసినది ఉన్నది. నగరపు మురుగునంతటిని నానో పదార్థములతో శుద్ధిచేయవచ్చునని నేను వాదించుటలేదు. అట్లు వాదించువారిని నమ్మవద్దని కూడ ప్రార్థించుచున్నాను. ఇంటి మురుగును జీర్ణించుకొనుటకు సూక్ష్మజీవులకంటె సమర్థమైన సాధనము లేదు. ఆ పనికి సింగ్‌నగర్ లోనో, ఆటోనగర్ లోనో ఉన్నవంటి శుద్ధికేంద్రములను చక్కగా నడుపుటయే మార్గము. సూక్ష్మజీవి నమలలేని పదార్థములు కొన్ని ఉన్నవి. మంగళగిరి, పెడన ప్రాంతములలో నూలునకు, వస్త్రమునకు అద్దు రసాయనిక రంగులలో పెక్కింటిని, వెలుగునకు, ఉతుకునకు చెక్కుచెదరకుండుటకై రసాయనజ్ఞులే బుద్ధిపూర్వకముగా దృఢపరచి నిర్మించిరి. బట్టపై చెదరని రంగు కాలువలోను చెదరదు. మిరపకు, ప్రత్తికి, వరికి కొట్టిన పురుగుమందుల శేషములును, చేపల, రొయ్యల చెరువులలో వాడు సూక్ష్మజీవి నిరోధక ఔషధముల శేషములును ఇట్టివే. బుడమేరు వాగు వెంబడి కొల్లేరు సరస్సునకు చేరునది నీరొక్కటే కాదు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రామ్సర్ జాబితాకెక్కిన ఆ సరస్సులో పక్షులకు, చేపలకు సంప్రాప్తించునది మనము జీర్ణింపలేక విడిచినదే. నానో పదార్థములకు తగిన పని, శుద్ధికేంద్రము తన పని ముగించిన పిదప మిగిలిన ఆ మొండి శేషమును తుదముట్టించుట. పని చిన్నదిగా కనిపించును. కాని సూక్ష్మజీవులు దానిని చేయజాలవు.

ఇట్టి పని కొరకు సిద్ధమగు పరిశోధకుని జీవితమెట్లు నడచును? ఇరువది మూడేండ్లకో, ఇరువది నాలుగేండ్లకో ఎమ్మెస్సీ ముగించి, జాతీయస్థాయి పరీక్షలో ఫెలోషిప్పు దొరికినచో సరి, దొరకనిచో అధ్యాపకుని ప్రాజెక్టులోని స్వల్పవేతనముతో ఒక యువతియో, యువకుడో ప్రయోగశాలలో చేరును. ఆటోక్లేవులో ద్రావణమును రాత్రంతయు వేడిచేయుట, ఏర్పడిన పొడిని కడిగి, ఎండబెట్టి, కాల్చుట, దాని స్ఫటిక స్వరూపమును తెలిసికొనుటకై ఎక్స్‌రే యంత్రమున్న వేరొక సంస్థకు పంపి వారి వంతు కొరకు వేచియుండుట, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రములకు చేతిసొమ్ము చెల్లించుట, ఇవి వారి దినచర్యలు. 2007లో కేంద్రప్రభుత్వము వేయికోట్ల రూపాయల కేటాయింపుతో నానో మిషన్ ప్రారంభించిన తరువాత పెద్ద సంస్థలకు పరికరములు సమకూడినవి. అనుబంధ కళాశాలల దాక ఆ జల్లు అంతంతమాత్రమే చేరినది. ఇంత శ్రమతో సిద్ధమైన పొడిని తుదకు దేనిపై పరీక్షింతురు? బీకరులో స్వేదనజలము పోసి, దానిలో మిథిలీన్ బ్లూ అను నీలిరంగును లేశమాత్రము కలిపి, దీపము క్రింద నుంచుదురు. గంటలోనో, రెండుగంటలలోనో నీలిమ వెలిసిపోవును. నూటికి తొంబది పైచిలుకు రంగు తొలగినదని వ్యాసము వెలువడును. వ్యాసములను లెక్కించి పదోన్నతులిచ్చు పద్ధతి మన విద్యారంగమున స్థిరపడినది గావున, అధ్యాపకుడు మరియొక లోహమును జతచేసి మరియొక వ్యాసమును వ్రాయును.

ఆ వ్యాసములు అసత్యములని నేననను. ప్రతి పదార్థమును ఏదో ఒక సులభమైన కొలబద్దతో మొదట కొలువవలసినదే. కాని మిథిలీన్ బ్లూ స్వయముగా దృశ్యకాంతిని పీల్చుకొను రంగు. అది పొడి యొక్క సామర్థ్యము లేకయే కొంత వెలిసిపోగలదు, రేణువులకు అంటుకొని నీటిలో కనబడకుండ పోగలదు, రసాయనికముగా మారి రంగులేని రూపమున నీటిలోనే నిలిచియుండగలదు. కన్నులకు నీలిమ కనబడకపోవుట వేరు, విషము నశించుట వేరు. నీటిలో మిగిలిన మొత్తము కర్బనమును కొలిచి, మధ్యలో పుట్టిన ఖండములు మూలపదార్థముకంటె అపాయకరములా కావా యని తెలిసికొన్నపుడే పని పూర్తియైనట్లు. ఆ కొలతకు కావలసిన యంత్రము వెలగలది. పెక్కు కళాశాలలలో లేదు. మరి మీ మండలి ప్రాంతీయ ప్రయోగశాలలలో నీటి పరీక్షకు కావలసిన ఉపకరణములును, వానిని నడుపు సుశిక్షితులైన ఉద్యోగులును ఉన్నారు.

స్వేదనజలమునకును కాలువ నీటికిని గల వ్యత్యాసమెట్టిదో చెప్పెదను. ఒకమారు మా ప్రయోగశాలలో బీకరునందు అద్భుతముగా పనిచేసిన పొడిని బందరు కాలువ నీటిలో అదే రంగుపై ప్రయోగించితిమి. పని మందగించినది, చాల మందగించినది. కారణము శాస్త్రమునకు కొత్తది కాదు. నేలనుండి కరగివచ్చిన బైకార్బొనేటు హైడ్రాక్సిల్ రాడికళ్లను మార్గమధ్యముననే మ్రింగివేయును. కుళ్లిన ఆకులనుండి, గుర్రపుడెక్కనుండి వచ్చిన గోధుమవన్నె పదార్థములు వెలుగును అడ్డగించి, తామే ముందుగా ఆ దాడికి ఎరయగును. సముద్రమునకు చేరువైన కొలది ఉప్పునీటి క్లోరైడు తన పాలు తాను కోరును. తొలకరిలో పై పరీవాహమునుండి దిగివచ్చు ఎర్రనీటిలో కిరణము జానెడు లోతునకైనను చొరదు. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు మడుగులలో నిలిచిన నీటికిని, నారుమళ్లకు నీరు వదలిన వెనువెంటనే వచ్చు నీటికిని పోలికయే లేదు. ఎన్నియేండ్లు తొట్టిలో ఈదినవాడైనను కృష్ణలో దిగనిదే ఈతగాడనిపించుకొనడు. మా పదార్థములలో పెక్కు నేటికిని తొట్టిలోనే ఈదుచున్నవి. కర్మాగారపు మురుగునీటిని కొంచెము నమూనాగా ఇప్పింపుమని నేను ఒక సంస్థను అర్థించినపుడు, ఆ నీరు తమకెక్కడ సాక్ష్యమై నిలుచునోయను భయముతో వారు ఇయ్యక త్రిప్పిపంపిరి. పరిశోధకునికి నీరిచ్చుట నేరాంగీకారమగు పరిస్థితిలో పరిశోధన బీకరును దాటి వచ్చుటెట్లు?

దాటివచ్చిన ఉదాహరణములు లేకపోలేదు. వానిని తలంచిన హృదయము పొంగును. 1944లో నెలకొని, 1956లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) క్రిందికి వచ్చి, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర వెలయుచున్న హైదరాబాదు ప్రయోగశాలలో వి. దుర్గాకుమారి, ఎం. సుబ్రహ్మణ్యం, వారి సహచరులును ఈ మార్గమున దీర్ఘకాలము పనిచేసిరి. టైటానియం పొడిని విడిగా నీటిలో కలిపినచో దానిని మరల పట్టుకొనుట దుర్ఘటమని గ్రహించి, జియోలైటు అను రంధ్రమయమైన ఖనిజపు గూళ్లలో దానిని నిలిపి, ఫినాలు వంటి విషములను హరించు విధమును వారు 2002 నాటికే ప్రకటించిరి. మరుసటియేడు, అద్దకపు రంగుల తయారీలో పుట్టు హెచ్-ఆమ్లము అను దుర్భేద్యమైన పదార్థముపై, పలుచని పూతగా అమర్చిన టైటానియమును ప్రయోగించిరి. నీరు పలుచని తెరగా ఆ పూతపై జారుచుండగా వెలుగు దానిని సోకును, పొడి ఎక్కడికిని కొట్టుకొనిపోదు. కలుపుమందైన ఐసోప్రొట్యూరానుపై సూర్యకాంతితోనే పనిచేసి 2008లో ఫలితములు వెలువరించిరి. రంగు వెలిసినదని సంబరపడుటతో ఆగక, పొడిని నిలుపుటెట్లు, ఎండను వాడుకొనుటెట్లు, అసలు కాలుష్యమేదియను ప్రశ్నలను వారు అడిగిరి. మన తెలుగునాట ఈ విద్యను అభ్యసింపగోరు ప్రతి విద్యార్థికిని వారి వ్యాసములు ప్రథమపాఠముగా ఉండవలెనని నా అభిప్రాయము.

ఇంకను ముందునకు సాగి ఇంటింటి కుళాయి దాక చేరినవారు మద్రాసు ఐ.ఐ.టి.లోని టి. ప్రదీప్ గారు. బంగారము, వెండి నానో కణములు కార్బన్ టెట్రాక్లోరైడు వంటి క్లోరిను సమ్మేళనములను సాధారణ ఉష్ణోగ్రతలోనే ఛిన్నాభిన్నము చేయునని 2003లో వారును, వారి శిష్యుడును ప్రకటించిరి. సీసానీళ్లలోను, శీతలపానీయములలోను పురుగుమందుల శేషములున్నవని దేశమంతట గగ్గోలు పుట్టిన సంవత్సరము కూడ అదియే. ఎండోసల్ఫాను, మలాథియాను, క్లోర్‌పైరిఫాసు వంటి మందులను నీటినుండి తొలగించు విధము అక్కడినుండి వృద్ధిపొంది, 2007 నాటికి గృహోపయోగమైన వడపోత యంత్రముగా విపణికి వచ్చినది. తరువాత వారు ఆర్సెనిక్‌ను తొలగించు పదార్థములను నిర్మించి గ్రామముల నీటికి అన్వయించిరి; 2020లో పద్మశ్రీ పురస్కారమునందిరి. ఈ వృత్తాంతమును మన రాష్ట్రపువారు పరాయిదిగా భావింపరాదు. తెలుగుగంగ ద్వారమున కృష్ణమ్మయే మద్రాసు దాహమును కూడ తీర్చుచున్నది. ఒక ప్రయోగశాలలో వెలసిన సూత్రము గడపగడపకు చేరుటకు పట్టిన కాలము ఇంచుమించు నాలుగేండ్లు మాత్రమేయని నేను మరల మరల తలపోయుచుందును. అది నెరవేరుటకు ప్రతిభ యొక్కటియే చాలలేదు. ప్రశ్న ప్రజల నీటినుండి పుట్టినది, ఫలితమును స్వీకరించుటకు పరిశ్రమ చేయిచాచినది, మధ్యలో అడ్డుపడువారు లేకపోయిరి.

మన డెల్టా సంతానములోనే ఇంతకంటె పాతదైన దృష్టాంతము కలదు. తెనాలి సమీపమున యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు రసాయన సాంకేతిక విద్యను కాశీలోను, అమెరికాలోను అభ్యసించి, మద్రాసులోని కేంద్ర చర్మపరిశోధనా సంస్థకు అధిపతియై, ప్రయోగశాలలోని విద్యను చర్మకారుని తొట్టి వద్దకు తీసికొనిపోయిరి. శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలికి ప్రధానాధికారియైన పిదప కరీంనగరు జిల్లాను చేపట్టి, వివిధ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులను పల్లెలకు తరలించిరి. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయనను పోగొట్టుకొంటిమి. నాయుడమ్మగారి కాలమున నానో యను మాట శాస్త్రజ్ఞుల నోట సైతము అరుదు. అయినను మనకు కావలసిన పద్ధతిని ఆయన చూపియే యున్నారు. శాస్త్రజ్ఞుడు సమస్య యొద్దకు పోవలెను. పోవుటకు ప్రభుత్వము దారి తీయవలెను.

ఇక మీ ధర్మమును గూర్చి. 1974 నాటి జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టము పదునేడవ సెక్షనులో రాష్ట్రమండలుల కర్తవ్యములను పేర్కొనుచు, జలకాలుష్యమునకు సంబంధించిన పరిశోధనలను ప్రోత్సహించి, నిర్వహించి, వానిలో పాలుగొనవలెనని విధించినది. అంతటితో ఆగక, ఆయా ప్రాంతముల నేలలను, శీతోష్ణములను, జలవనరులను దృష్టిలో నుంచుకొని మురుగునకును, పారిశ్రామిక వ్యర్థజలమునకును తగిన చవుకైన, నమ్మదగిన శుద్ధిపద్ధతులను మండలియే రూపొందింపవలెనని కూడ ఆదేశించినది. ప్రతి ప్రాంతపు నీటికిని దాని స్వభావము దానికి కలదని ఏబది యేండ్ల క్రిందటి శాసనకర్తలు గుర్తించిరనుట గమనింపుడు. 1976లో మన రాష్ట్రమున మండలి ఏర్పడినది మొదలు అనుమతులు, తనిఖీలు, నోటీసులు, జరిమానాలు వీనియందే దాని శక్తి వ్యయమగుచున్నట్లు బయటివారికి తోచుచున్నది. వానిని తక్కువచేసి మాటాడుట నా యుద్దేశము కాదు, నోటీసు లేనిచో మురుగు ఆగదు. కాని ఆ సెక్షనులోని పరిశోధనాభారమును కూడ తలకెత్తుకొనుడని ప్రార్థన.

మొట్టమొదట నేను కోరునది నీరు. ఏలూరు, బందరు, రైవస్ కాలువలనుండియు, బుడమేరునుండియు, ఒకటి రెండు శుద్ధికేంద్రములు వెలువరించు నీటినుండియు, ఋతువు ఋతువునకు నమూనాలను మీ మండలియే సేకరించి, వాని గుణములన్నింటిని విశ్లేషించి, ఆ వివరములతో సహా కోరిన పరిశోధకునికెల్ల అందజేయవలెను. నాగార్జున విశ్వవిద్యాలయమున పనిచేయు విద్యార్థియు, బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయమున పనిచేయు విద్యార్థియు, తాడేపల్లిగూడెము ఎన్.ఐ.టి.లోని విద్యార్థియు ఒకే నీటిపై పనిచేసినపుడు ఎవరి పొడి మేలైనదో నిష్పక్షపాతముగా తేలును. మీరే ఇచ్చిన నీరు గావున ఏ కర్మాగారమును భయపడనక్కరలేదు; పరిశోధన కొరకు ఇచ్చిన నమూనాను విచారణకు వాడబోమని ఒక ఉత్తర్వు వెలువడినచో పరిశ్రమలే తమ నీటిని తెచ్చి ఇచ్చును.

నీటి తరువాత స్థలము. ఏదేని యొక శుద్ధికేంద్రపు ఆవరణలో, నగరపాలక సంస్థ సమ్మతితో, నీరు వెలుపలికి పోవు చోట ఒక మూలను పరిశోధకులకు కేటాయింపుడు. ఎండ తగులు ఏటవాలు పలకలు, రెండు మూడు తొట్లు, ఒక పంపు, విద్యుత్తు, తాళము వేసుకొను గది యున్న చాలును. పలకపై పూసిన పదార్థముపై నిజమైన నీరు నెలల తరబడి జారినపుడే, పాచి పట్టి పూత ఎన్నినాళ్లకు మందగించునో, ఎట్లు కడిగిన మరల పనికి వచ్చునో తెలియగలదు. ఈ ప్రశ్నలు బీకరులో పుట్టనే పుట్టవు. మీరు అమలుపరచు సాధారణ ప్రమాణములు లీటరునకు జీవరసాయనిక ఆక్సిజను అవసరము (బి.ఓ.డి.) 30 మిల్లీగ్రాములు, రసాయనిక ఆక్సిజను అవసరము (సి.ఓ.డి.) 250 మిల్లీగ్రాములు మించరాదని చెప్పును. రంగును మాత్రము సాధ్యమైనంతవరకు తొలగింపవలెనని చెప్పి ఊరకుండును. సాధ్యమైనంతవరకు అనగా మన కాలువలలో ఎంతవరకో నిర్ణయించుటకు కావలసిన ఆధారములు ఆ మూలనుండియే మీకు లభించును.

దానితోపాటు మీ కాఠిన్యమును కూడ కోరుచున్నాను. కాడ్మియం సల్ఫైడు వెలుగులో చక్కగా పనిచేయునని వ్రాయు వ్యాసములు కోకొల్లలు. ఆ పదార్థము వెలుగులోనే క్షయించి కాడ్మియమును నీటిలోనికి విడుచును. చేపలకు, రొయ్యలకు నెలవైన ఈ డెల్టాలో అట్టి పదార్థమును పూతగా సైతము ఆమోదింపరాదు. జింకు ఆక్సైడు అంతటి విషము కాకున్నను కొంత కరగి జలచరములకు హాని చేయును. ఏ నానో పొడినైనను తెరచిన కాలువలో చల్లుట ఎంతమాత్రమును కూడదు. అట్టి ప్రతిపాదనలతో వచ్చు వ్యాపారులను గడప దాటనీయకుడు. ఐరోపా దేశముల కూటమి 2022లో టైటానియం డయాక్సైడును ఆహారపదార్థములలో వాడుటను సైతము నిషేధించినది. అయస్కాంతమునకు లొంగు ఇనుప ఆక్సైడు గర్భముతోనో, గాజుపైనో, జియోలైటులోనో బంధింపబడిన పదార్థమునకు మాత్రమే అనుమతి యుండవలెను. వెలువడు నీటిలో ఆ లోహము ఎంత యున్నదో ప్రతి ప్రయోగమునకును లెక్క చూపింపవలెను. పరిశోధకులకు ఇది భారమని కొందరు వగచెదరు. తమ పదార్థమును నమ్మినవారు వగవరు.

ఈ పనికి కావలసిన ముడిసరుకు మన ముంగిటనే పడియున్నదని చెప్పుటకు నాకెంతో సంతోషము. రైసుమిల్లుల ఊకను కాల్చిన బూడిదలో అధికభాగము సిలికా. ఇబ్రహీంపట్నమున నార్ల తాతారావు విద్యుత్కేంద్రపు బూడిదలో సిలికాయు, అల్యూమినాయు రెండును కలవు. ఈ రెండింటినుండియు జియోలైట్లను సిద్ధపరచు విధములు శాస్త్రలోకమునకు చిరపరిచితములు. రొయ్యల పెంకులనుండి తీయు కైటోసాను నానో కణములను పట్టియుంచు పొరగా ఉపకరించును. టైటానియమునకు మూలమైన ఇల్మనైటు ఉత్తరాంధ్ర సముద్రతీరపు ఇసుకలోనే లభించుచున్నది. ఒక ప్రాంతపు వ్యర్థముతో ఆ ప్రాంతపు కాలుష్యమును హరించు పదార్థమును నిర్మించు అవకాశము దేశమున ఎన్నిచోట్ల లభించును?

నా శిష్యులలో పలువురు డాక్టరేటు ముగిసిన వెనువెంటనే దక్షిణ కొరియాకు, జపానునకు తరలిపోయిరి; అచ్చటి ప్రయోగశాలలలో వారికి మంచి పేరు వచ్చినది, నాకది గర్వకారణమే. వారిలో ఒకరిద్దరు తిరిగివచ్చి మన కళాశాలలలో చేరి, మరల అదే నీలిరంగు బీకరుల ముందు కూర్చుండుట చూచినపుడు నాకు కలుగు బాధను మాటలలో చెప్పజాలను. వారికి లేనిది తెలివి కాదు, శ్రద్ధ కాదు. వారి పదార్థము ఎవరికి కావలెనో చెప్పువారు లేరు. మీ మండలి ఒక్కమారు బహిరంగముగా, మా శుద్ధికేంద్రము విడుచు నీటిలో ఫలానా శేషము మిగిలియున్నది, దానిని తొలగింపగలవారు రండని పిలిచినచో ఈ డెల్టాలోని రసాయనశాస్త్ర శాఖలన్నియు కదలివచ్చునని నాకు నిశ్చయముగా తెలియును. అట్లు నీటిపై ఒక ఋతుచక్రము పనిచేసి, పదార్థము విఫలమైనదని నిజాయితీగా నివేదించిన పరిశోధకునికి సైతము మీ మండలి ప్రశంసాపత్రమియ్యవలెనని నా కోరిక. ఆ పత్రమును పదోన్నతికి అర్హతగా గుర్తింపుడని విశ్వవిద్యాలయములకు మీరు వ్రాసిన, కాదనువారుందురని నేననుకొనను.

కాలువలకు నీరు వదలు జూను మాసమునకు పూర్వమే నమూనాల పని మొదలుపెట్టినచో, కట్టివేసిన కాలువలోని మడుగునీరును, తొలినీరును, వరద తగ్గిన తరువాతి తేటనీరును ఒకే సంవత్సరమున చేతికందును. మీ ప్రయోగశాలాధికారులు ఏ దినమున పిలిచినను వచ్చి, నమూనాలు తీయవలసిన చోట్లను గుర్తించుటలోను, విద్యార్థులను సమకూర్చుటలోను సాయపడుటకు నేనును, నావంటి విశ్రాంతులు కొందరును సిద్ధముగా ఉన్నాము. మీ ప్రత్యుత్తరమును ఈ పత్రికాముఖముననే ప్రకటించినచో, ఆ పిలుపు నేరుగా విద్యార్థులకే చేరును.

ఇట్లు,
విజయవాడ వాస్తవ్యుడైన ఒక విశ్రాంత రసాయనశాస్త్రోపాధ్యాయుడు